అరవై మంది లెక్క

నేను పదకొండేళ్ల ఉద్యోగంలో ఇచ్చిన లెక్కలన్నింటిలో బొగ్గుబాయిలోకి దిగిన లెక్క ఒకే ఒక్కటి. శనివారం సాయంత్రం పిల్లల సంచుల్లో ఇళ్లకు వెళ్లింది. సోమవారం ఫస్టు షిఫ్టుతో కిందికి దిగింది. మూడు షిఫ్టులూ తిరిగి, బుధవారం సాయంత్రం నాలుగు గంటలకు తండ్రులందరినీ వెంటబెట్టుకుని మళ్లీ బడికి వచ్చింది.

ఈమధ్య కొత్తగా బడుల్లో చేరిన చెల్లెళ్లు కొందరు, లెక్కలు పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలక్కా అని అడుగుతున్నారు. ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ గట్టిగా తెలియదు. ఒక లెక్క ఎలా ఇవ్వకూడదో మాత్రం నా డైరీలో తొమ్మిది పేజీలు ఉంది. అదే చెబుతాను.

మా బడి గోదావరిఖనిలో, కార్మికుల క్వార్టర్ల మధ్య ఉండేది. ఏడో తరగతి దాకా ఉన్న చిన్న ప్రైవేటు బడి. ఆరు, ఏడు తరగతులకు లెక్కలూ సైన్సూ రెండూ నావే. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. సైన్సు పుస్తకం మధ్యలో నవల పెట్టుకుని చదవడం తప్ప వేరే ధైర్యసాహసాలు లేవు. నా గొంతు రెండో బెంచీ దాకా వెళ్లేది. మూడో బెంచీ వాళ్లు రెండో బెంచీని అడిగి రాసుకునేవాళ్లు, నాలుగో బెంచీ వాళ్లు మూడో బెంచీని. చివరి బెంచీకి చేరేసరికి ఒక్కోసారి కూడిక కాస్తా తీసివేత అయ్యేది.

మా పెద్దసారు, అంటే హెడ్‌మాస్టరు, ఒక పద్ధతి పెట్టారు. శుక్రవారం సైన్సు ప్రయోగం, శనివారం పొద్దున లెక్కలూ సైన్సూ కలిపి పరీక్ష. ప్రశ్నలు నేను చేత్తో రాసి జిరాక్సు తీయించాలి. జవాబులు ఆ కాగితం మీదే రాయాలి. నేను మధ్యాహ్నం దిద్ది సాయంత్రానికి ఇళ్లకు పంపాలి. సోమవారం తండ్రి సంతకంతో తిరిగి రావాలి. అంతకుముందు ఏడాది ఆరో తరగతి పిల్లలు ఒకరి తండ్రి సంతకం ఒకరు పెట్టుకున్నారని తెలిసి, ప్రతి కాగితం కిందా ఊదారంగు గుండ్రటి సీలు కూడా వేయించేవారు పెద్దసారు. ఆ సీలును గుర్తుంచుకోండి.

ఆ వారం పాఠం కాలం–పని. పుస్తకంలో కూలీలు కాలువ తవ్వుతున్నారు. ఎనిమిది మంది ఆరు రోజుల్లో తవ్వితే పన్నెండు మంది ఎన్ని రోజుల్లో తవ్వుతారని అడిగాను. మొదటి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి లేచింది. వాళ్ల నాన్న బాయిలో టింబర్‌మన్. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. మా దగ్గర బొగ్గు గనిని బాయి అనే అంటారు.

"ఇంకెక్కువ రోజులు పడ్తయి టీచర్."

"ఎక్కువ మంది ఉంటే తక్కువ రోజులు పట్టాలి కదా?"

"పడ్తయి టీచర్. మంది ఎక్కువైతే ముచ్చట్లు ఎక్కువైతయని మా బాపు అన్నడు."

క్లాసంతా అవునంది. కాలువ ఎవరూ చూడలేదు, అందుకే అర్థం కాలేదని నేను అనుకున్నాను. ఆ ముందు వేసవిలో నన్ను ఒక శిక్షణకు పంపారు. లెక్కలు పిల్లల పరిసరాల్లోంచే రావాలని అక్కడొక సారు మూడు రోజులు చెప్పారు. శిక్షణలో విన్నది ఇంత శ్రద్ధగా ఆచరించింది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

శుక్రవారం ప్రయోగం తులాదండం. బండరాయి మీద పొడవాటి చెక్క వేసి, పొట్టి కొసన మా తెలుగు టీచరక్కను నిలబెట్టాను. ఆమె మా బడిలో అందరికంటే బరువైన మనిషి, అందరికంటే మంచి మనిషి కూడా. పొడుగు కొసన టింబర్‌మన్ కూతురు నిలబడింది. అక్క గాల్లోకి లేచింది.

"ఓ పిల్లా, నా బరువు ఊరందరికీ పాఠం చేస్తవా? దింపు, దింపు!" అని ఆమె నన్ను చూసి అరుస్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. యంత్రం ఉంటే చాలామంది చేసే పని ఒక్కరే చేయవచ్చు, రాసుకోండి అన్నాను. రాసుకున్నారు. ఇంటికి వెళ్లి చెప్పారు కూడా.

మర్నాడు పరీక్షలో రెండే ప్రశ్నలు. ఒకటి, యంత్రం అనగానేమి? దీనికి జవాబు, మనిషి శ్రమను తగ్గించునది. రెండోది నా సొంత రచన: ఒక బాయిలో 40 మంది కార్మికులు ఒక పనిని 12 రోజులలో చేయుదురు. అదే పనిని ఒక యంత్రము 8 రోజులలో చేయును. అయిన ఆ యంత్రము ఎంతమంది కార్మికులకు సమానము?

నలభైని పన్నెండుతో హెచ్చించి ఎనిమిదితో భాగిస్తే అరవై. ఏడో తరగతిలో ముప్పై ఎనిమిది మంది ఉంటే ముప్పై ఒక్క మంది సరిగ్గా చేశారు. నా పద్ధతి ఫలించిందని డైరీలో రాసుకుని, కింద గీత కూడా గీశాను.

సోమవారం సంతకాలతో వచ్చిన కాగితాలు మూడు. ఒకటి దర్జీ కూతురిది, ఒకటి షేర్ ఆటో నడిపే ఆయన కూతురిది, ఒకటి చర్చి పాస్టరు గారి అబ్బాయిది. ఆ ముగ్గురు తండ్రులకూ బాయితో సంబంధం లేదన్న సంగతి నాకు తట్టలేదు. టింబర్‌మన్ కూతుర్ని పిలిచాను.

"సంతకం ఏది?"

"మా బాపు పెట్టనన్నడు టీచర్."

"ఎందుకు? నీకు పదికి పది వచ్చాయి కదా, చూపించలేదా?"

"చూపెట్టిన. గందుకే పెట్టనన్నడు. అరవై మంది అన్నదానికి టీచరే టిక్కు పెట్టిందంటే అది పక్కా ఖబరే అన్నడు."

నాకు అప్పటికీ అర్థం కాలేదు. మధ్యాహ్నం డబ్బాలు విప్పుకున్నప్పుడు తెలుగు టీచరక్క అర్థమయ్యేలా చెప్పింది. ఆమె భర్త బాయి ఆఫీసులో క్లర్కు.

"పిల్లా, నువ్వేం చేసినవో నీకు ఎరికేనా? నీ పేపరు ల్యాంపు రూముల అతికించిన్రంట."

ల్యాంపు రూమంటే కార్మికులు కిందికి దిగేముందు టోపీ దీపాలు తీసుకునే గది. ప్రతి మనిషీ షిఫ్టుకు రెండుసార్లు అక్కడికి రావాల్సిందే.

"ఎందుకక్కా?"

"ఎందుకా? ఒక్కసారి బాయి మనిషి లెక్క చదువు. యంత్రం శ్రమను తగ్గించునది. నలభై మంది, పన్నెండు రోజులు. మిషను ఎనిమిది రోజులు. అరవై మంది. ఎర్ర సిరతోటి టిక్కు. కింద తండ్రి సంతకం. దాని మీద సీలు! రాత్రి పక్కింటోళ్లు పేపరు తెచ్చి చూపెడితె, మా ఆయనే అన్నం తినకుండ నన్ను అడిగిండు, ఇది మీ బడికి ఎవలు పంపిన్రు అని."

అప్పుడు చదివాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆ రోజులు ఎలాంటివో ఇప్పటివాళ్లకు చెప్పాలి. కొత్త మిషన్లు వస్తున్నాయి, బాయిల్లో మనుషులు తగ్గుతున్నారు. ముందుగానే ఉద్యోగం వదులుకుంటామని రాసిచ్చే కాగితాల మాట ప్రతి ఇంట్లో నలుగుతోంది. ఏ కాగితమో చదవకుండా సంతకం పెట్టి మర్నాడు లబోదిబోమన్న మనిషి కథ ప్రతి క్వార్టర్ల లైనులోనూ ఒకటి ఉండేది. అలాంటి చోటికి నేను, ఒక మిషను వస్తే అరవై మంది అక్కర్లేదని, ముప్పై ఎనిమిది సీళ్లు వేసి మరీ పంపాను.

మంగళవారానికి లెక్క ఇంకా ఎదిగింది. పన్నెండు రోజులు గడువంట. ఎనిమిదో రోజు మిషను దిగుతదంట. అరవై మందిలో నలభై మంది ఈ బాయి వాళ్లు, మిగతా ఇరవై మంది పక్క బాయి వాళ్లంట. 'ఒక బాయిలో' అని రాసి ఏ బాయో రాయకపోవడం అన్నింటికంటే పెద్ద అనుమానం. కంపెనీ వాళ్లు తెలివిగా పిల్లల ద్వారా తండ్రుల సంతకాలు తీసుకుంటున్నారని ఒక మాట. టీచరమ్మ చూస్తే నోట్ల నాలుక లేనట్టుంటది, అసొంటోళ్లతోనే ఇవన్నీ చేపిస్తరని ఇంకో మాట.

పెద్దసారు పిలిచారు.

"అమ్మా, పొద్దటి నుంచి పదకొండు మంది తండ్రులు టీసీలు అడిగి పోయిన్రు. రేపు నాలుగింటికి అందరినీ రమ్మన్న. లెక్క తప్పు, పొరపాటున ఇచ్చిన అని మీరే చెప్పాలె. చెప్పకుంటే ఎల్లుండి నుంచి మీరు రావద్దు. నేను బడిని కాపాడుకోవాలె."

"లెక్క తప్పు కాదు సార్," అన్నాను.

"ఆఁ? ఏమన్నరు?"

"ఏం లేదు సార్."

ఇంటికి వెళ్లి డైరీలో ఉపన్యాసం రాసుకున్నాను. 'గౌరవనీయులైన తండ్రులారా' దాకా బాగానే వచ్చింది. తర్వాతి వాక్యం 'ఆ లెక్క తప్పు' అని రాయాలి. చెయ్యి ఆడలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, నలుగురిలో నిలబడాలంటే అంతకంటే ఎక్కువ భయం ఉంది. కానీ ముప్పై ఒక్క మంది పిల్లలు సరిగ్గా చేసిన లెక్క అది. రేపు వాళ్లు కిటికీలోంచి వింటారు. చివరికి 'ఆ లెక్క కేవలం ఊహ' అని రాశాను. అది మొదటి అబద్ధం కంటే కొంచెం చిన్నదిగా కనిపించింది.

బుధవారం మూడింటికి ఫస్టు షిఫ్టు అయిపోయింది. నాలుగు కాకముందే వచ్చేశారు. తలలు తడిగా ఉన్నాయి, స్నానం చేసినా కనురెప్పల అంచున బొగ్గు కాటుకలా మిగిలి ఉంది. ఆరో తరగతి, ఏడో తరగతి మధ్య తడికె తీసేసి అందరినీ బెంచీల మీద కూర్చోబెట్టారు. పన్నెండేళ్ల పిల్లలకు చేయించిన బెంచీలవి. మోకాళ్లు గడ్డాలకు ఆనుకుని, ఒక్కొక్కరూ పరీక్ష తప్పినవాళ్లలా కూర్చున్నారు. సెకండు షిఫ్టు వాళ్ల భార్యలు గోడవారన నిలబడ్డారు. కిటికీల నిండా పిల్లలు.

ముందుగా యూనియన్ లీడరు లేచాడు. రోజూ బాయి గేటు ముందు మీటింగులు పెట్టే మనిషి. చేతిలో మైకు లేకపోయినా ఉన్నట్టే పిడికిలి మూతి దగ్గర పెట్టుకున్నాడు.

"కార్మిక సోదరులారా! చీకట్ల కుట్రలు చేసెటోళ్లకు ఇయ్యాల వెలుతుర్ల జవాబు చెప్పక తప్పదు! ఈ పేపరు ఎవలు రాసిన్రు? ఎవలు రాయమన్నరు? టీచరమ్మ జవాబు చెప్పాలె!"

అలవాటు కొద్దీ అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత బ్లాక్‌బోర్డు చూసి, ఎక్కడున్నారో గుర్తొచ్చి ఆపేశారు.

నేను లేచాను. డైరీ విప్పాను. నోరు తెరిచాను.

"వినవడ్తలేదు!" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

మళ్లీ నోరు తెరిచాను. కిటికీ దగ్గర నిలబడ్డ టింబర్‌మన్ కూతురు, క్లాసులో రోజూ చేసే పనే కదా అన్నట్టు, వెనక్కి తిరిగి గట్టిగా అందించింది. "టీచర్ గౌరవనీయులైన తండ్రులారా అంటున్నది!"

వెనక కిటికీ దగ్గరి పిల్లలు ఆ మాటను చివరి వరుసకు చేరవేశారు. "గౌరవనీయులంట! గౌరవనీయులంట!"

ఎవరో నవ్వారు. నా ఉపన్యాసం అక్కడే ఆగిపోయింది. ఇంకొక్క క్షణం అయితే ఏడ్చేదాన్ని. అప్పుడు మూడో వరుసలోంచి టింబర్‌మన్ లేచాడు. యాభై దాటిన, సన్నటి మనిషి.

"బిడ్డా, నాకు ఒక్కటి చెప్పు. ఈ నలభై మంది చేసే పని ఏం పని? బొగ్గు నింపుడా, టింబరింగా, ట్రాకు వేసుడా?"

"ఏదో ఒక పని, అంతే అండీ," అన్నాను.

"ఏదో ఒక పనా? బాయిల అసొంటి పని లేదు బిడ్డా."

"నింపుడే అనుకో కాకా," అని ఇంకొకాయన అందుకున్నాడు. "మరి మిషను ఎనిమిది రోజులు ఆగకుండ నడుస్తదా? మొన్న వచ్చింది రెండో నాడే ఆగలే?"

"సామాను వచ్చేదాక నాలుగు రోజులు పండుకున్నది!"

"రాసుకో టీచరమ్మా, నాలుగు రోజులు రాసుకో!"

నేను చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద ఎనిమిది కూడిక నాలుగు, పన్నెండు అని రాశాను. బోర్డు వైపు తిరిగితే నాకు ఎప్పుడూ భయం ఉండేది కాదు. నలభైని పన్నెండుతో హెచ్చించి పన్నెండుతో భాగించాను. నలభై.

"నలభై!" అని కిటికీలు అరిచాయి.

"చూసిన్రా, మిషను మనకు సమానమే, ఎక్కువేం కాదు!" అన్నాడు లీడరు. ఆయన పిడికిలి మళ్లీ మూతి దగ్గరికి వెళ్లింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఒక కుర్ర కార్మికుడికి ఉత్సాహం వచ్చింది. "అన్నా, మరి నలభై మంది పన్నెండు రోజులు ఎన్నడన్న అందరం వచ్చినమా? రోజుకు నలుగురం నాగా ఉంటం గద!"

లెక్క న్యాయం లెక్కదే. నలభైలోంచి నాలుగు తీసేసి ముప్పై ఆరు అని రాశాను.

లీడరు ముఖం మాడిపోయింది. "ఓరి నీ! మన నాగాలు మనమే బోర్డు మీద ఎక్కిస్తమార? టీచరమ్మా, తుడిచెయ్యి అది!"

గదంతా పగలబడి నవ్వింది. నాగా సంగతి ఎత్తినవాడి నెత్తి మీద పక్కవాడు మొట్టికాయ వేశాడు. గోడవారన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "సోమవారం పొద్దున సూడాలె టీచర్ వీళ్ల నాగాలు," అని ఒకామె అననే అంది. నేను ముప్పై ఆరు తుడిచి నలభై ఉంచాను.

పెద్దసారు ఇదే అదననుకుని ముందుకొచ్చారు. "అంటే లెక్క తప్పనే గద అందరికీ అర్థమైంది. నలభయ్యే సమానం. అరవై అనేది పొరపాటు. టీచర్ కూడ ఒప్పుకుంటున్నరు. అంతే గద అమ్మా?"

తల ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. ఉద్యోగం నిలబడుతుంది. తల సగం కిందికి వచ్చింది కూడా.

"అరవయ్యే గద టీచర్?"

కిటికీ ఊచల మధ్య ముఖం పెట్టి టింబర్‌మన్ కూతురు అడిగింది. దాంట్లో ధిక్కారం ఏమీ లేదు. నిజంగా తెలియక అడిగింది. పదికి పది వేసిన మనిషి ఇప్పుడు తల ఊపుతోందేమిటని.

అందరూ ఆ పిల్లను చూసి, తర్వాత నన్ను చూశారు.

"అరవయ్యే," అన్నాను.

ఆ మాట చివరి బెంచీకి కిటికీల సాయం లేకుండానే చేరింది. నా గొంతు అంత దూరం వెళ్తుందని అప్పటిదాకా నాకూ తెలియదు. "పేపర్లో ఆగిపోవడం గురించి లేదు. ఎనిమిది రోజులనే ఉంది. అప్పుడు అరవయ్యే వస్తుంది. పిల్లలు సరిగ్గానే చేశారు. బాయి గురించి నాకేమీ తెలియదు, నన్నెవరూ రాయమనలేదు. కాలువ బదులు బాయి అని రాశాను. అది నా తప్పు. లెక్క తప్పు కాదు."

పెద్దసారు కళ్లు మూసుకున్నారు. లీడరు పిడికిలి మూతి దగ్గరి నుంచి జేబులోకి వెళ్లింది. టింబర్‌మన్ నెమ్మదిగా బెంచీలోంచి మోకాళ్లు బయటికి లాక్కుని వచ్చాడు. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా టేబుల్ మీద చదును చేశాడు.

"లెక్కల అరవయ్యే. మాకు తెల్వదా బిడ్డా? బాయిల ఎంతమందిమి ఉంటమో అది మేం సూసుకుంటం. పొల్లకు మాత్రం మార్కులు తియ్యకు." పెన్ను అడిగి తీసుకుని, ఒక్క క్షణం ఆగాడు. "సంతకం మార్కుల కిందనే గద? అరవై మంది కింద కాదు గద?"

"మార్కుల కిందే," అన్నాను.

"అట్లనైతే ఇక్కడ మార్కులు అని రాయి."

రాశాను. ఆయన పెట్టాడు. వెనక వరుస కట్టారు, సెకండు షిఫ్టు వాళ్ల బదులు వాళ్ల భార్యలు. 'మార్కులు' అన్న మాట ఆ సాయంత్రం ముప్పై అయిదు సార్లు రాశాను. లీడరు తన కొడుకు కాగితం చదివి చదివి, "వీనికి నాలుగే వచ్చినయేంది?" అని అక్కడే వాడి చెవి పట్టుకున్నాడు.

మర్నాడు రావాలో వద్దో పెద్దసారు చెప్పలేదు. నేను అడగలేదు. వెళ్లాను. బల్ల మీద ఆయన చీటీ ఉంది: 'ఇకనుంచి మామిడి పండ్ల లెక్కలు మాత్రమే ఇవ్వవలెను.'

మామిడి పండ్ల లెక్కలే ఇచ్చాను. కానీ తర్వాతి సోమవారం టింబర్‌మన్ కూతురి కాగితం తిరిగి వచ్చినప్పుడు, సంతకం పక్కన పెన్సిలుతో ఒక లెక్క ఉంది. 'టీచర్ గారికి. ఒక దుంగ పొడవు ఎనిమిది అడుగులు. పైకప్పు ఏడున్నర అడుగులు. మిగిలిన అర అడుగు ఏం చేయాలె?' కోసేయాలని రాసి పంపాను. మళ్లీ సోమవారం జవాబు వచ్చింది: 'తప్పు. పైకప్పు రేపు ఎట్లుంటదో ఆగి చూడాలె. సున్నా మార్కులు.' కింద తండ్రి సంతకం.

తర్వాత మిగతావాళ్లూ మొదలుపెట్టారు. పదకొండేళ్లూ ప్రతి సోమవారం నాకు లెక్కలు వచ్చేవి. పంపుతో నీళ్లు తోడే లెక్కలు, తాడుతో బండ్లు లాగే లెక్కలు. సగం నాకు తప్పేవి. తప్పినవన్నీ పిల్లల చేత చేయించేదాన్ని. మామిడి పండ్ల కంటే అవే వాళ్లకు బాగా వచ్చేవి.

ఆ బాయి తర్వాత మూతపడింది. మిషన్లు వచ్చి మనుషులు పోయారా, బొగ్గే అయిపోయిందా అన్నది నాకు తెలియదు, నేను ఆ లెక్క వేయలేదు. క్వార్టర్లు ఒక్కో లైనూ ఖాళీ అయ్యాయి. ఏడో తరగతిలో తొమ్మిది మంది మిగిలాక, ఈ వేసవిలో బడి కూడా మూసేశారు. నాకు రిటైరయ్యే వయసు కాదు. బడే రిటైరైంది, దాంతోపాటు నేనూ.

టింబర్‌మన్ రిటైరైన ఏడు ఆయన చిన్న కూతురు నా క్లాసులో ఉండేది. ఆ పిల్ల కాగితం మీద ఆయన పంపిన చివరి లెక్క నా డైరీలో అతికించి ఉంది. 'ఒక మనిషి ముప్పై నాలుగు ఏండ్లు బాయిల పని చేసిండు. ఇంట్ల ఊకె కూసోబెడితే ఎన్ని రోజులకు పిచ్చి లేస్తది?' దానికి నేను జవాబు రాయలేదు. ప్రశ్నలో సమాచారం చాలదని మాత్రం రాసి పంపాను. సున్నా మార్కులు వచ్చాయి.

ఇప్పుడైతే రాయగలను. ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషి సంగతి తెలియదు కానీ, పదకొండేళ్లు పనిచేసిన మనిషికి సరిగ్గా పన్నెండు రోజులు. పదమూడో రోజు పొద్దున పాత డైరీలు ముందేసుకుని ఇది రాయడం మొదలుపెట్టాను.